బావగారు ఎంచిన సైకిలు

"తోలు తోలే. దాని మీద కూచుని ఊళ్ళన్నీ తిరిగి, అదే పంచెతో వచ్చి నా వంటింటి గడప తొక్కుతానంటే నేనొప్పుకోను," అంది మా అత్తగారు, చేటలో బియ్యం చెరగడం ఆపకుండానే.

"తోలు సీటు కాక చెక్క సీటు ఎక్కడ దొరుకుతుందమ్మా? సైకిలంటే ప్రపంచమంతా తోలు సీటే," అన్నారు బావగారు వీధరుగు మీంచి.

"ప్రపంచమంతా నా వంటింట్లోకి రాదు కద."

"అయితే వాడు నించుని తొక్కాలేటి?"

"అది నువ్వూ వాడూ చూసుకోండి. మీ నాన్న ఉంటే ఇంట్లోకి ఇలాటి వస్తువు వచ్చేదేనా?"

మా తోటికోడలు అచ్చమ్మక్క నా వైపు చూసి నవ్వు మింగింది. నేను తలుపు వెనక నించుని వింటున్నాను. మావారు భానుమూర్తిగారు ఆ తల్లీకొడుకుల మధ్య, నట్టింటి స్తంభానికి ఆనుకుని, తన సంగతి కానట్టు చేతిగోళ్ళు చూసుకుంటున్నారు. సైకిలు కావలసింది ఆయనకే.

ఈ వాదన శివరాత్రి ముందు మొదలై, ఎండలు పట్టేదాకా నడిచింది. అప్పటికింకా గంజాం జిల్లా మద్రాసు రాజధానిలోనే ఉంది. మాది బరంపురం పక్కన అంకులి. బావగారు జానకీరామయ్యగారు బరంపురంలో ఒక హైస్కూల్లో తెలుగు పంతులు. మావారికి ఆ ఏడే టీకాల ఉద్యోగం దొరికింది. అదీ ఆ వేసవికి మాత్రమే. బరంపురం నుంచి ఛత్రపురం దాకా, అక్కణ్ణుంచి సముద్రం ఒడ్డున ఆర్యపల్లి దాకా ఊరూరా తిరిగి పిల్లలకి మశూచి టీకాలు వెయ్యాలి. వానలు పడే లోపల ఆ ఊళ్ళన్నీ పూర్తి చేస్తే ఉద్యోగం ఖాయం చేస్తామన్నారు. ఖాయమైతే కాపురం ఛత్రపురంలో. ఖాయం కావాలంటే సొంత సైకిలు ఉండాలన్నది షరతు.

ఛత్రపురంలో కాపురం అన్న మాట విన్న రోజు నేను ఎవరికీ చెప్పకుండా అటక ఎక్కి, మా అమ్మ పెట్టిన ఇత్తడి సామాను గోనెపట్టా విప్పి చూసుకున్నాను. పెళ్ళయి వచ్చాక ఆ మూట విప్పే పని పడలేదు. అంకులి ఇంట్లో నాకు లోటేమీ లేదు. ఎవరూ నన్ను మాటనలేదు. కానీ పొద్దున్న లేస్తే ఆ పూట ఏం వండాలో నేను చెప్పిన రోజు ఒక్కటి కూడా లేదు. రెండు గదుల ఇల్లయినా చాలు, పొయ్యి నాది కావాలని ఉండేది. అది ఆయన కాళ్ళ మీదా, రాబోయే ఆ సైకిలు మీదా ఆధారపడి ఉంది.

చివరికి తోలు తగువు తీర్చింది కూడా మా అత్తగారే. మామగారి పాత పట్టుపంచె ఒకటి పెట్టె అడుగు నించి తీసి నా ముందు పడేసింది.

"ఇది చింపి సీటుకి తొడుగు కుట్టవే. పట్టుకి మైల లేదు. తోలు కింద తోలుంటుంది, నా కొడుకు పట్టు మీద కూచుంటాడు," అంది.

"బుర్రంటే నీదేనమ్మా," అన్నారు బావగారు.

అచ్చమ్మక్క ఈసారి నవ్వు మింగలేకపోయింది. "పెళ్ళిలో కూడా మరిదిగారు ఇంత పట్టు మీద కూచోలేదు," అంది నా చెవిలో.

ఆ తొడుగు నేనే కుట్టాను. బరంపురం పట్టు, ఎన్నేళ్ళయినా మెరుపు పోలేదు. కుడుతున్నంతసేపూ ఒళ్ళో నిలవకుండా జారిపోతూనే ఉంది.

*

గేట్ బజారు నించి ధర్మలింగం కూలీలచేత సైకిళ్ళు రెండు పట్టించుకుని వచ్చింది ఒక ఆదివారం పొద్దున్న. అతను బట్టలు, ఇనప సామాను, దొరల ఇళ్ళలో వేలానికి వచ్చిన కుర్చీలు, ఏది దొరికితే అది అమ్మే షావుకారు. పల్చటి ఉత్తరీయంతో మెడ తుడుచుకుంటూ సైకిళ్ళని మా అరుగుకి చేరగిలవేయించాడు.

ఒకటి నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. గొట్టాల మీద బంగారు గీతలు సన్నగా ఉన్నాయి. ముందు నూనె దీపం. నించోబెడితే దాని బారు నా నడుముకి పైనే వచ్చేట్టుంది. రెండోది ఎత్తు తక్కువ. ఒకప్పుడు ఆకుపచ్చ రంగేమో, అక్కడక్కడ ఊడిపోయి ఇనుము కనపడుతోంది. దీపం లేదు. వెనక చక్రం మీద సామాను కట్టుకునే ఇనప చట్రం మాత్రం గట్టిగా ఉంది.

"ఇది సూడండి పంతులుగారూ. ఉప్పు శాఖ దొరగారి సైకిలు. దొర సీమకెల్లిపోతా నాకిచ్చీసినాడు. బరంపురం మొత్తం మీద ఇలాటిది ఇంకోటి సూపించండి, నా కొట్టు మూసీస్తాను," అన్నాడు ధర్మలింగం.

"మరి ఆ రెండోదేటి?"

"అదొక సర్వే గుమాస్తాది. కొండలు గుట్టలు తిరిగీసింది. ఇనుం మంచిదే, అబద్ధం సెప్పను."

వాళ్ళు మాట్లాడుకుంటూ ఉండగా మావారు ఆ పచ్చ సైకిలు దగ్గరికి వెళ్ళారు. నేను గది కిటికీ ఊచల్లోంచి చూస్తున్నాను. ఆయన పంచె ఎగదోపి బారుకి అటొక కాలూ ఇటొక కాలూ వేసి నించున్నారు. రెండు పాదాలూ నేలకి ఆనాయి. సీటు మీద కూచుని, గోడ పట్టుకుని, కింద ఉన్న పెడలు మీద మడమ పెట్టి చూసుకున్నారు. చక్కగా ఆనింది. హ్యాండిలు అందుకోడానికి వంగనక్కర్లేకపోయింది. ముందు చక్రం ఎత్తి తిప్పి, ఎటూ ఊగకుండా తిరుగుతోందో లేదో చూశారు. గొట్టాన్ని గోటితో కొట్టి చెవి ఆనించి విన్నారు. ఇవన్నీ ముందు రాత్రి నేను చెప్పినవే. మా నాన్న ఇచ్ఛాపురం తపాలా ఆఫీసు ఓవర్సీరు. మూడు పాత సైకిళ్ళు కొని, మూడూ అరిగేదాకా తొక్కిన మనిషి. నా చిన్నతనమంతా ఆయన సైకిలు బేరాలు వింటూ గడిచింది.

కిటికీ వైపు తిరిగారు మావారు. ఊచల వెనక నేనున్నానని తెలుసు. మొహం ఎంత తేలిగ్గా ఉందో!

"ఇదేదో బాగుందన్నయ్యా," అన్నారు.

ధర్మలింగం పకపకా నవ్వాడు. "అది పొట్టోల్ల సైకిలు బాబూ! మీ ఇంటావంటా లేదు పొట్టితనం. పెద్ద పంతులుగారి తమ్ముడు దాని మీదెల్తే జనం ఏటనుకుంటారు?"

వీధిలో చేరిన నలుగురూ నవ్వారు. మావారు పొట్టే. ఆ సంగతి అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఆయన మెల్లిగా ఆ సైకిలు మీంచి చెయ్యి తీసేశారు.

నేను ఆగలేక వంటింట్లోకి వెళ్ళాను. బావగారి ఎదట పడి మాట్లాడే ఆనవాయితీ మాకు లేదు. నేను ఏదైనా చెప్పాలంటే అత్తగారికి చెప్పాలి, ఆవిడ వాళ్ళబ్బాయికి చెప్పాలి.

"అత్తయ్యగారూ, సైకిలు తొక్కే మనిషికి సరిపోవాలట. బారుకి అటూ ఇటూ కాళ్ళేసి నించుంటే మధ్య రెండు వేళ్ళ సందైనా ఉండాలని మా నాన్న అనేవారు. ఆ నల్లదాని మీద మీ అబ్బాయికి కాళ్ళు అందవు."

అత్తగారు గుమ్మం దాకా వెళ్ళింది. "ఒరే రామయ్యా, కోడలేటో అంటోంది. వాళ్ళ నాన్నకి సైకిలుండేది కద. బారుకీ మనిషికీ మధ్య రెండు వేళ్ళ సందుండాలని చెప్పేవాడట."

బావగారు మంచిగానే నవ్వారు. ఆయన ఎప్పుడూ మంచిగానే నవ్వేవారు. "మీ వియ్యంకుడు తపాలా మనిషమ్మా, అన్నీ తూకాలూ కొలతలే. మనం సైకిలు కొంటున్నామా, చొక్కా కుట్టించుకుంటున్నామా?"

"అదే నేనూ అన్నాను," అంది అత్తగారు. ఆవిడేమీ అనలేదు. వెంటనే, "ముందు నువ్వెక్కి చూడరా. ఇంట్లోకి వచ్చే వస్తువు," అంది.

మా ఇంట్లో పద్ధతి అది. మామగారు పోయినప్పటి నించీ కొత్త గొడుగయినా, కొత్త మామిడిపండయినా, పంచాంగమయినా ముందు బావగారి చేతిలో పడాలి. ఆయన ముట్టుకున్నాకే ఎవరిదైనా. నిజానికి ఆ మాట అత్తగారు అనకపోయినా అదే జరిగేది.

నేను మళ్ళీ కిటికీ దగ్గరికి వచ్చేసరికి బావగారు కండువా గోడ మేకుకి తగిలించి, పంచె గోచీ బిగించి నల్ల సైకిలు పట్టుకున్నారు. ఒకసారి నెట్టి, పెడలు మీద కాలేసి, కొంగ లేచినట్టు లేచి కూచున్నారు. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగి వచ్చారు. ఆరడుగుల మనిషి, నిటారుగా కూచుని, ఒంటిచేత్తో హ్యాండిలు పట్టుకుని, బెల్లు మోగిస్తూ వస్తుంటే ఇంటింటి అరుగుల మీదా జనం లేచి నించున్నారు. పర్లాకిమిడి కాలేజీలో చదువుకునే రోజుల్లో నేర్చిన విద్య. మామగారు పోగానే చదువు ఆపి, తమ్ముణ్ణి చదివించడానికి బడిపంతులు అయిన మనిషి. అన్నేళ్ళూ ఎక్కడ దాచుకున్నారో ఆ ఠీవి! అది ఆయన ఒంటికి కొలిచి చేసిన సైకిలులా ఉంది.

"చూసేవా, చూసేవా, అచ్చం మీ నాన్నే!" అంది అత్తగారు మావారితో, కళ్ళొత్తుకుని.

మావారు కూడా సంతోషంగానే చూశారు. అన్నగారిని అలా చూసి సంతోషించని తమ్ముడు కాదాయన.

ఆ తరవాత బేరం గురించి ఎవరూ మాట్లాడలేదు. హ్యాండిలుకి పసుపు రాసి, బొట్టుపెట్టి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. నేను కుట్టిన పట్టు తొడుగు సీటుకి తొడిగారు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ, తొక్కవలసిన మనిషిని ఎక్కించలేదని.

ఆయన అరుగు మీంచి ఎక్కారు. కాళ్ళు వేళ్ళాడాయి. ధర్మలింగం సీటు మర విప్పి దాన్ని ఎంత దిగుతుందో అంత దింపాడు. అప్పుడు కాలి బొటనవేలు పెడలుకి తగిలింది.

"అందుతోంది, అందుతోంది," అన్నారు బావగారు.

"అలవాటైపోద్ది బాబూ," అన్నాడు ధర్మలింగం, పచ్చ సైకిలుని తిరిగి పట్టించుకుపోతూ.

*

వారం రోజులు మా సందులో పడుతూ లేస్తూ నేర్చుకున్నారు. ఎక్కడానికి ఎత్తయిన రాయి కావాలి. దిగడానికి గోడ కావాలి. పెడలు కిందికి వెళ్ళినప్పుడల్లా ఆయన నడుము అటొకసారి ఇటొకసారి జారేది. పట్టు మీద పంచె ఎక్కడ నిలుస్తుంది? ఒకసారి తొడుగు తీసేశారు. అత్తగారు స్నానానికి నీళ్ళు తోడుకుంటూ చూసి, ఏమీ అనకుండా తొడుగు తెచ్చి మళ్ళీ తొడిగి వెళ్ళింది. అంతే, మళ్ళీ తియ్యలేదు.

ఫాల్గుణం చివర్లో ప్రయాణం మొదలైంది. సోమవారం తెల్లారకుండా బయల్దేరేవారు. టీకా మందు గొట్టాలు తడిగుడ్డలో చుట్టి, పరికరాల పెట్టె, మారు పంచె, అటుకుల మూట వెనక కట్టుకుని, మా అరుగు మీంచి సైకిలెక్కి, ఊళ్ళోవాళ్ళు చూస్తుండగా వంకరటింకరగా మలుపు తిరిగేవారు. శనివారం సాయంకాలం ఆ మలుపులోంచే సైకిలు మీద వచ్చేవారు. దుమ్ము కొట్టుకుపోయి, పెదాలు పగిలి, మనిషి సగమై. నెల తిరిగేసరికి బావగారు ప్రతి ఆదివారం సైకిలు తుడిచి, నూనె పోసి, బరంపురం దాకా ఒక చుట్టు తిరిగి రావడం అలవాటు చేసుకున్నారు. "తమ్ముడు వారమంతా తిప్పితే గొలుసు సాగిపోతుంది, చూసుకోవాలి," అనేవారు. గేట్ బజార్లో జనం ఆయన్ని పిలిచి మరీ మాట్లాడేవారట.

నేను శనివారాల కోసం బతికాను. వేడినీళ్ళు పెట్టి, ఆయన చెప్పే ఊళ్ళ పేర్లు వినేదాన్ని. ఆర్యపల్లిలో బెస్తవాళ్ళు పిల్లల్ని దాచేశారని, తవిటయ్య అనే ముసలాయన ముందు తన మనవడి చెయ్యి చాపించాడని, దాంతో మిగతావాళ్ళు వచ్చారని చెప్పారు. ఛత్రపురంలో కచేరీ వెనక వీధిలో పెంకుటిళ్ళు ఉన్నాయట. పెరట్లో మునగచెట్టు ఉన్న ఇల్లొకటి ఖాళీగా ఉందట. ఆ మునగచెట్టు గురించి నేను ఆయన్ని ఎన్ని ప్రశ్నలు వేశానో!

సైకిలు గురించి అడిగితే, "బానే ఉంది," అనేవారు.

*

వైశాఖంలో ఒక మధ్యాహ్నం చింతపండు అమ్మే సీతాలు వచ్చి పెరటి గుమ్మంలో బుట్ట దించింది. ఛత్రపురం రోడ్డు పొడుగునా ఊళ్ళు తిరిగే మనిషి.

"మీ బాబుగారిని దారంట రోజూ సూస్తన్నానమ్మా," అంది మొహం తుడుచుకుంటూ. "ఒక్కటే తెలీదు. ఆ సైకిలు బాబుగోర్ని తీసుకెల్తన్నాదో, బాబుగోరే సైకిల్ని తీసుకెల్తన్నారో!"

"అదేటే?"

"ఏటుందీ? చెయ్యట్టుకుని నడిపించుకుపోతన్నారు. సంటిపిల్లని బడికి తీసుకెల్తున్నట్టు. ఎక్కగా సూడనేదు నానెప్పుడూ."

అచ్చమ్మక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ శనివారం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు నేను సైకిలు దగ్గరికి వెళ్ళాను. పట్టు తొడుగు ఇంచుమించు నేను కుట్టిన రోజున ఉన్నట్టే ఉంది. బావగారి ఆదివారాల ఒరిపిడి తప్ప ఇంకేమీ లేదు. గుమ్మం పక్కన ఆయన చెప్పులున్నాయి. మడమల దగ్గర అరిగి, అరిగి, అడుగు తోలు కాగితంలా అయి కన్నాలు పడ్డాయి. చెప్పు చేతిలోకి తీసుకుంటే కన్నంలోంచి నా వేలు బయటికి వచ్చింది.

నూతి గట్టు మీద కాళ్ళు కడుక్కుంటున్న ఆయన దగ్గరికి వెళ్ళి చెప్పులు కింద పెట్టాను. చూశారు.

"మొదట్లో ఎక్కేను," అన్నారు మెల్లిగా. "రోడ్డున రాయి దొరికితే ఎక్కీవాణ్ణి. ఎదర బండి వస్తే ఆగలేను కద, కాళ్ళు అందవు. పడిపోవడమే. ఆర్యపల్లి ఇసకలో పడ్డ రోజు మందు గొట్టాలన్నీ పగిలిపోయేయి. ఆ ఊరికి మళ్ళీ మందు తెప్పించడానికి వారం పట్టింది. ఆ వారంలో అక్కడో పిల్ల పోయింది, బాలా."

నీళ్ళు పాదాల మీద పోసుకుంటూనే ఉన్నారు.

"అప్పణ్ణించీ మన ఊరు దాటేక ఎక్కలేదు. నడిచినా ఊళ్ళు పూర్తవుతాయి. కొంచెం ముందు బయల్దేరాలి, అంతే."

"నడిచేదానికి ఆ బరువెందుకు? ఇక్కడే వదిలి వెళ్ళచ్చు కద?"

"సైకిలు లేకపోతే ఉద్యోగం ఖాయం చెయ్యరు కద. ఇన్‌స్పెక్టరుగారు దారిలో ఎక్కడైనా తగలచ్చు."

"ధర్మలింగం దగ్గర ఆ పచ్చది ఇంకా ఉందిట. సీతాలు చెప్పింది. ఇది ఇచ్చేసి అది తెచ్చుకోండి. ధర్మలింగం ఎగిరి గంతేస్తాడు."

"అన్నయ్యతో ఏటి చెప్పను?"

"కాళ్ళు అందడం లేదని చెప్పండి."

ఆయన నా వైపు చూశారు. "ఆదివారం పూట అన్నయ్య దాని మీద వెళ్ళడం చూసేవా నువ్వు? నా కోసం చదువు మానీసేడు. నాకని ఎంచి తెచ్చిన వస్తువు. సరిపోలేదని నేనెలా అంటాను?"

"మరి నేను?" అని నోటిదాకా వచ్చింది. చెప్పులు తీసుకెళ్ళి లోపల పెట్టాను.

*

నాకు చేతనైంది ఒక్కటే ఉంది. అచ్చమ్మక్కకి చెప్పాను. ఆవిడ మంచిది, ఆ రాత్రే బావగారికి చెప్పింది. మర్నాడు ఆదివారం, అందరూ నట్టింట్లో ఉన్న వేళ, బావగారు నూనె గుడ్డ చేత్తో పట్టుకుని లోపలికి వచ్చారు. మొహంలో నిజమైన బెంగ ఉంది. ఇప్పటికీ ఆ మొహం నాకు కనిపిస్తుంది.

"ఏరా భానూ, సైకిలు పెద్దదయిందా నీకు? కష్టంగా ఉందా? చెప్పు, మార్చీద్దాం."

అత్తగారు కూరగాయల కత్తిపీట మీంచి తలెత్తింది. అచ్చమ్మక్క నా చెయ్యి పట్టుకుంది. నేను తలుపు వెనక నించున్నాను. ఆయన అన్నగారి చేతిలో నూనె గుడ్డ వైపు చూశారు. దాని మీద నల్లటి మరకలు. పొద్దున్నంతా కూచుని ఊచ ఊచా తుడిచి వచ్చారు బావగారు.

"లేదన్నయ్యా. బానే ఉంది," అన్నారు మావారు.

"నిజంగా?"

"నిజంగానే. అలవాటయిపోయింది."

"మరి మరదలేటో అందిట..."

"ఆడవాళ్ళకేం తెలుస్తుంది?" అన్నారు, నా తలుపు వైపు చూడకుండా.

బావగారి మొహం విచ్చుకుంది. "అదే నేననుకున్నాను. సైకిలంటే అలవాటే. నాకూ మొదట్లో ఇంతే," అంటూ వీధిలోకి వెళ్ళారు. కాసేపటికి బెల్లు మోగింది.

అచ్చమ్మక్క నా చెయ్యి వదల్లేదు. "పోనీలే బాలా," అంది. "ఇంకెన్నాళ్ళు? వానలొస్తే అయిపోతుంది కద."

నేనూ అదే అనుకున్నాను. వానలొస్తే అయిపోతుంది. మునగచెట్టు ఇంట్లోకి వెళ్ళిపోతే, ఆ సైకిలు మా వసారాలో మూలన పడి ఉంటుంది, ఎవరి కళ్ళా పడకుండా. అప్పుడు పచ్చదో, మరొకటో తెచ్చుకోవచ్చు. గుట్టుగా.

*

తొలకరి పడకముందే ఆయన ఊళ్ళన్నీ పూర్తి చేశారు. చివరి వారం జ్వరంతో వచ్చారు. పడుకుని ఉండగానే హెల్త్ ఇన్‌స్పెక్టరు రామచంద్రరావుగారు బండి కట్టించుకుని మా ఇంటికి వచ్చారు. అరుగు మీద చాప వేశాం. బెల్లం పానకం ఇచ్చాం.

"పంతులుగారూ, ఈ జిల్లాలో ఇంతమందిని పెట్టేం, చెప్పిన వేళకి పూర్తిచేసింది మీ తమ్ముడొక్కడే," అన్నారాయన. "మిగతావాళ్ళు నడకగాళ్ళు. ఎంతని తిరుగుతారు? సైకిలు ఉండబట్టి ఈయన నెగ్గుకొచ్చేడు. ఉద్యోగం ఖాయం చేయిస్తాను. ఛత్రపురంలో ఉండమనండి. వచ్చే నెల నించి గంజాం దాటి రంభ దాకా ఊళ్ళన్నీ కూడా ఈయనకే ఇచ్చేస్తున్నాం. రెండింతలవుతుంది. సైకిలు మనిషికి అదొక లెక్కా?"

బావగారు ఇంత పొడుగున లేచి నించున్నారు. "ఆ సైకిలు ఎంచినప్పుడే అనుకున్నానండీ," అన్నారు.

అత్తగారు లోపలికి వచ్చి దేవుడి దగ్గర దీపం వెలిగించింది. అచ్చమ్మక్క నన్ను కౌగలించుకుంది. నేను గది గుమ్మంలోంచి మావారి వైపు చూశాను. మంచం మీద కూచుని, దుప్పటి కప్పుకుని, ఆయన తన పాదాల వైపు చూసుకుంటున్నారు. అరికాళ్ళు పగిలి, నేను రాసిన ఆముదం ఇంకా నిగనిగలాడుతోంది. ఇప్పుడున్న ఊళ్ళకి రెండింతలు. అదీ ఆ సైకిలుని చేత్తో నడిపించుకుంటూ. నేను లెక్కవేసుకున్నట్టే ఆయనా వేసుకుంటున్నారని తెలిసింది.

తరవాత రెండు రోజులు మేమిద్దరం ఆ సంగతి మాట్లాడుకోలేదు. వెళ్దామంటే ఆయన కాళ్ళు కనపడుతున్నాయి. వద్దంటే అటక మీద మూట కనపడుతోంది. ఏదీ అనలేక, పెరట్లో ఎండిన వడియాలు తీసుకుని మళ్ళీ డబ్బాలో పోసుకున్నాను. మూడోనాడు జ్వరం తగ్గింది. ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని, పనుందని బరంపురం వెళ్ళారు. సైకిలు తీసుకెళ్ళలేదు. "వాన మబ్బుగా ఉంది, తుప్పు పడుతుంది," అన్నారు. తిరిగి వచ్చేసరికి నిజంగానే చినుకులు పడ్డాయి.

ఆ రాత్రి భోజనాలకి అందరం నట్టింట్లోనే ఉన్నాం. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కన పీటల మీద కూచున్నారు. అత్తగారు వాళ్ళకెదురుగా గోడకి ఆనుకుని కూచుని విసనకర్రతో విసురుతోంది. అచ్చమ్మక్క పులుసు వడ్డిస్తోంది. నేను నెయ్యి గిన్నెతో గుమ్మంలో నించున్నాను.

"రంభ వైపు దారి బాగుంటుందిట్రా," అన్నారు బావగారు. "చిలక సరస్సు పక్కనించే వెళ్తుందిట. గట్టి రోడ్డు. సైకిలుకి హాయి."

"అన్నయ్యా," అన్నారు మావారు. అన్నం కలుపుతున్న చెయ్యి ఆపలేదు. "ఆ ఉద్యోగం వద్దని ఇన్‌స్పెక్టరుగారితో చెప్పి వచ్చేను."

విసనకర్ర ఆగింది.

"ఏటిరా?" అంది అత్తగారు.

"ఎండ నా ఒంటికి పడ్డం లేదమ్మా. మీ బళ్ళో లెక్కలు రాసే రైటరు పని ఖాళీగా ఉందని హెడ్మాస్టరుగారు అన్నారన్నయ్యా. అందులో చేరతానని చెప్పేను. ఎల్లుండి నించి రమ్మన్నారు. మేం ఛత్రపురం వెళ్ళడం లేదు. ఇక్కడే ఉంటాం."

బయట చూరు నించి నీళ్ళు కారుతున్నాయి. బావగారు తమ్ముడి వైపు తిరిగారు. ఆయన కళ్ళు తమ్ముడి ముఖం మీంచి దిగి, పీట అంచు దాటి చాపిన పాదాల మీద ఆగాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి.

"మరి సైకిలో?" అన్నారు చివరికి, చాలా మెల్లిగా.

"నువ్వు దాని మీద బడికి రా అన్నయ్యా," అన్నారు మావారు. "దారి ఒకటే కద. నేను కొంచెం ముందు బయల్దేరతాను."